తొక్కలు గల్లీవి, ఆకులు మనవి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను చెత్త గురించి మాట్లాడమన్నారు. స్వర్ణోత్సవం పూట ఈ కబుర్లేమిటని ఎవరికైనా అనిపిస్తే, భోజనాలయ్యాక వంటశాల వెనక్కి ఒక్కసారి వచ్చి చూడమని మనవి.

సుల్తాన్ బజార్ వాళ్ళకు పారేయడం కంటే మార్చుకోవడం బాగా తెలుసు. కోఠీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం మూడో చదువరి కోసం ఎదురు చూస్తుంది. పాత చీరలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆమె కోసం మన అమ్మలు మూటలు కట్టి ఉంచేవారు. పేపర్లు, సీసాలు, ఇనుము కబాడీ అతను తూకం వేసి తీసుకెళ్ళేవాడు. వీటన్నిటికీ ఇప్పటికీ దారి ఉంది. దారి తప్పింది వంటింటి తొక్కలే. ఒకప్పుడు ఆవులకో, మేకలకో వేసేవాళ్ళం. ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో ముడి వేసి, చెత్త ఆటోలోకి విసిరేసి, చేతులు దులుపుకుంటున్నాం.

ఆ ముడి ఊరికి ఈశాన్యాన ఉన్న జవహర్‌నగర్ వెళుతుంది. గాలి తగలని కుప్పలో తడి చెత్త కుళ్ళితే మీథేన్ పుడుతుంది. నూరేళ్ళ లెక్కన చూస్తే, అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. కుప్పలోంచి కారే నల్లనీళ్ళు నేలలోకి ఇంకుతాయి. తమ బోరు నీళ్ళు పాడయ్యాయని ఆ చుట్టుపక్కల వాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. మన ఇల్లు శుభ్రమైన లెక్కలో వాళ్ళ బావి కూడా ఉందన్నమాట.

అదే మీథేన్‌ను పట్టుకుంటే ఏమవుతుందో చూడాలంటే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్ళండి. అక్కడి బయోగ్యాస్ ప్లాంటుకు సాంకేతికత ఇచ్చింది మన తార్నాకలోని ఐఐసీటీ. రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో దాదాపు 500 యూనిట్ల కరెంటు తీయగలిగారు. దీపాలకు కరెంటు, మార్కెట్ క్యాంటీన్‌కు గ్యాస్ వచ్చాయి. 2021 జనవరి ‘మన్ కీ బాత్’లో ప్రధాని దీన్ని ప్రస్తావించాక దేశమంతా తెలిసింది. మన బడీ చౌడీలో కూరలు కొనే వాళ్ళెవరైనా సాయంత్రం అక్కడ మిగిలేదేమిటో గుర్తు చేసుకోండి.

ఇంట్లో కరెంటు తీయనక్కర్లేదు, ఎరువు చాలు. చుట్టూ చిల్లులు పెట్టిన ఒక బకెట్టో, మట్టికుండో తీసుకోండి. అడుగున ఎండుటాకులో, కొబ్బరి పీచో పరచండి. ఒక దోసెడు తొక్కలు వేస్తే రెండు దోసెళ్ళు ఎండుటాకులు వేయండి. మొదట్లో కాస్త పుల్ల మజ్జిగ చల్లితే మంచిది. నాలుగు రోజులకోసారి కలియబెట్టాలి. తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఆకుల్లో కర్బనం ఎక్కువ. ఒక పాలు నత్రజనికి ముప్ఫై పాళ్ళ కర్బనం ఉంటే సూక్ష్మజీవులు హుషారుగా పనిచేస్తాయి. సైన్సు సార్లు నా లెక్క సరిచూడవచ్చు. కంపు కొడుతోందంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకొన్ని ఆకులు వేయాలి. పురుగులు కనబడగానే మా ఆవిడలాగా కేకలు పెట్టి కుండ వీధిలో పెట్టకండి. అవి మన పనివాళ్ళే. రెండు నెలలకు వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. మిగిలిపోయిన కూరలు, నూనె సరుకు మాత్రం వేయకపోవడమే మేలు.

చిక్కల్లా ఆకుల దగ్గరే. గుజరాతీ గల్లీ ఫ్లాటులో మూడో అంతస్తు వాళ్ళకు ఎండుటాకులు ఎక్కడివి? మన బడి ఆవరణలో చెట్లున్నాయి. ప్రతి చలికాలం ఆకులు ఊడ్చి మూల తగలబెడుతున్నారు. పక్క క్లాసులో పిల్లలు దగ్గుతూ ఎక్కాలు చదువుతున్నారు. తొక్కలు గల్లీలో, ఆకులు మన దగ్గర. మధ్యన ఒక గోడ.

స్వర్ణోత్సవ నిధితో ఆర్చి కట్టాలని సంఘంలో ప్రతిపాదన ఉంది. ఆర్చి అందంగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ డబ్బులో చిన్న వంతుతో పెరటివైపు నాలుగు ఇటుక తొట్లు కట్టించవచ్చు. ఆకులు నిలవ చేయడానికి ఒకటి, మధ్యాహ్న భోజనం తొక్కలకు రెండు, తయారైన ఎరువుకు ఒకటి. ఎనిమిదో తరగతి పిల్లలు వారం వారం తూకం రాయాలి. కావలసిన ఇరుగుపొరుగు వాళ్ళు సంచీ తెచ్చుకుని ఆకులు పట్టుకెళ్ళాలి. కలియబెట్టే అటెండరుకు అదనపు పనికి అదనపు జీతం సంఘమే ఇవ్వాలి; ఊరికే చేయమంటే నేను ఒప్పుకోను.

హెడ్మాస్టరు గారు సరేనంటే మొదటి తొట్టి ఖర్చు నాది. ఈ రోజు పులిహోరకు పిండిన నిమ్మచెక్కలు, తరిగిన కూరల తొక్కలు రెండు గోనె సంచుల్లో వేరుగా పెట్టించాను. వాటిని ఆటో ఎక్కించాలా వద్దా అన్నది భోజనాలయ్యేలోగా చెప్పండి.