కరెంటుకు కాగితం కంచె



మనం స్విచ్చి వేస్తాం. బల్బు వెలుగుతుంది. ఆ కరెంటు ఎంతో దూరం నుంచి తీగల్లో వస్తుంది. ఆ తీగల కోసం కష్టపడిన ఒక ఇంజనీరు గురించి ఈ రోజు చెప్పుకుందాం.

ఆయన పేరు సెబాస్టియన్ ఫెరాంటి. 1864లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టాడు. అప్పట్లో లండను నగరంలో పేటకొక చిన్న కరెంటు కేంద్రం ఉండేది. ఊరి బయట నది ఒడ్డున ఒకటే పెద్ద కేంద్రం కట్టాలని ఫెరాంటి తలచాడు. 1887లో ఆ పనికి దిగాడు. అప్పటికి ఆయన వయసు 23 ఏళ్లే!

కేంద్రం నుంచి నగరం నడిబొడ్డుకు సుమారు 11 కిలోమీటర్లు. అంత దూరం కరెంటు పోవాలంటే ఒత్తిడి ఎక్కువ ఉండాలి. లేకపోతే దారిలోనే తీగ వేడెక్కి కరెంటు వృథా అవుతుంది. ఆ ఒత్తిడిని వోల్టుల్లో కొలుస్తారు. మన ఇంట్లో 230 వోల్టులు. ఆయన పంపాలనుకున్నది 10,000 వోల్టులు!

బజారులో దొరికే కేబుళ్లు దానికి ఆగలేదు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. తానే కేబులు తయారుచేశాడు. ఒక రాగి గొట్టం తీసుకున్నాడు. దానికి మైనంలో నానిన కాగితం చుట్టాడు. దానిపైన ఇంకో రాగి గొట్టం తొడిగాడు. 6 మీటర్ల ముక్కలు చేసి, ఒకదానికొకటి అతికించుకుంటూ పోయాడు.

ఇది ప్రమాదం కాదా అని ప్రభుత్వ అధికారులకు అనుమానం. అప్పుడేం చేశారో తెలుసా? కరెంటు పారుతున్న కేబులు మీద ఒకాయన ఉలి పట్టుకున్నాడు. ఇంకొకాయన సమ్మెటతో కొట్టాడు. ఉలి లోపలికి దిగింది. పట్టుకున్నాయనకు ఏమీ కాలేదు!

ఎందుకని? పై గొట్టాన్ని ముందే భూమికి కలిపారు. కరెంటు మనిషిలోకి పోకుండా భూమిలోకి పోయింది. దీన్నే మనం ఎర్తు అంటాం.

1890లో నగరంలోని సబ్‌స్టేషను తగలబడింది. కంపెనీకి నష్టం వచ్చింది. 1891లో ఫెరాంటి ఆ కంపెనీ వదిలి పోవాల్సి వచ్చింది. ఆయన పోయినా ఆయన కేబుళ్లు 40 ఏళ్లకు పైగా పనిచేశాయి.

మన పొలాల మీద పోయే పెద్ద లైన్లలో 11,000 వోల్టులు ఉంటాయి. వాటికి కాగితమూ లేదు, తొడుగూ లేదు. తీగ తెగి పడితే దగ్గరికి పోకండి. పిల్లల్ని, పశువుల్ని పోనివ్వకండి. వెంటనే లైన్‌మన్‌కు కబురు చేయండి.

మరి మీ ఇంటికి ఎర్తు ఉందా? పని తెలిసిన వాళ్లచేత ఈ వారమే చూపించుకోండి.