పరదేశపు చదువు - సొంత చేతి కష్టం

నెల్లూరు జిల్లా అనగానే పెన్నా నది, వరిపొలాలు, సముద్రతీరం మనసుకు తడతాయి. కాని జిల్లాకు పడమటి దిక్కున ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల స్వరూపం వేరు. వెలుగొండల పక్కన ఉన్న ఉదయగిరి సీమ మెట్టభూమి. వాన కురిస్తే పైరు, కురవకుంటే బీడు. సోమశిల జలాశయం వచ్చిన తరువాత ఆత్మకూరు వైపున కొన్ని గ్రామాలకు నీటివసతి కలిగింది. మిగిలిన మెట్ట గ్రామాలు నేటికీ పొగాకును, కందిని, మినుమును నమ్ముకొనే బ్రతుకుతున్నాయి. ఇటువంటి నేలమీద పుట్టినవారికి వలస కొత్త కాదు. ఒక తరంవారు మద్రాసు పట్టణానికి వెళ్ళారు. మరొక తరంవారు గల్ఫు దేశాలకు వెళ్ళారు. నేటి తరం పిల్లలు చదువు నిమిత్తమై అమెరికాకు, ఇంగ్లండుకు, కెనడాకు, ఆస్ట్రేలియాకు వెళుతున్నారు. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. ఆ ఏడు అన్ని దేశాల విద్యార్థులలోను మనవారిదే మొదటి స్థానం.

ఒక పిల్లవాడుగాని, పిల్లగాని విదేశానికి బయలుదేరే ముందు ఇంటిలో సాధారణంగా రెండు ప్రశ్నలే చర్చకు వస్తాయి. ఎంత ఖర్చవుతుంది? చదువు ముగిసిన తరువాత ఎంత జీతం వస్తుంది? ఈ రెండూ అవసరమైన ప్రశ్నలే. అయితే ఖర్చుకు, జీతానికి నడుమ రెండు మూడు సంవత్సరాల జీవితమొకటి ఉన్నది. చదువుతూ, పనిచేస్తూ, తన బరువు తానే మోస్తూ గడిపే ఆ కాలం మనిషికి ఏమి నేర్పుతుంది? అందులో ఇంటివారి పాత్ర ఏమిటి? ఈ విషయాన్ని మీతో కలిసి ఆలోచించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా మన తెలుగువారిలోనే ప్రసిద్ధుడైన ఒక విద్యార్థిని తలచుకొందాం. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవసారి గట్టెక్కారు. మద్రాసులో వైద్యవిద్య ముగించి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయంతోను, మామగారి తోడ్పాటుతోను, అమెరికాలోని బోస్టను నగరం చేరుకున్నారు. చేతిలో డబ్బు స్వల్పం. అక్కడి హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధులను గురించి చదువుతూ, ఆ నగరపు ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా కుదిరారు. స్వదేశంలో వైద్యుడుగా గౌరవం పొందవలసిన మనిషి అక్కడ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. పగలు ప్రయోగశాల, రాత్రి ఆసుపత్రి వసారా.

ఆ చేతులే తరువాతి కాలంలో ప్రపంచవైద్యానికి మేలు చేశాయి. రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఆయన ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి నేటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ప్రసిద్ధం. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన జరిగిన పరిశోధనల ఫలితంగా ఫోలిక్ ఆమ్లం మందుగా లభ్యమైంది. మన పల్లెలలో బోదకాలు నివారణకై పంచిపెట్టిన మాత్ర కూడ ఆ పరిశోధనల ఫలమే. ఆయన 1948లో 53 ఏళ్ళ వయసున అమెరికాలోనే కన్నుమూశారు. స్వదేశంలో ఎదురుచూసిన భార్యకు ఆయన తిరిగి వచ్చే భాగ్యం కలుగలేదు. ఆ కీర్తిని చెప్పుకొనేటప్పుడు ఈ వెలను కూడ చెప్పుకోవడం న్యాయం.

మరియొక ఉదాహరణ గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావుగారిది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థలో చేరిన ఆయన 1946లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్ళారు. సూడాను దేశపు తవ్వకాలలో బయటపడిన పురాతన ఎముకలను కొలిచి లెక్కకట్టే పని అక్కడి మ్యూజియంలో ఆయనకు అప్పగించారు. ఆ పని చేస్తూనే ఫిషరు అనే మహాపండితుని వద్ద పరిశోధన సాగించి, 1948లో డాక్టరేటు పొంది, కలకత్తాకు తిరిగి వచ్చారు. దశాబ్దాలపాటు స్వదేశంలో శాస్త్రవేత్తలను తయారుచేశారు. 2023లో గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమతిని పొంది, ఆ ఏడే 102 ఏళ్ళ వయసున పరమపదించారు. ఒకరు అక్కడే ఉండిపోయారు, ఒకరు తిరిగివచ్చారు. పనిని చదువుకు అడ్డుగా తలచకపోవడం మాత్రం ఇద్దరిలోను సమానం.

ఇందునుంచి మొదటి పాఠం మనకు లభిస్తున్నది. మన ఇళ్ళలో చదువుకొనే కుమారునికి ఏ పనీ చెప్పము. తిన్న కంచం తీయనక్కరలేదు, బట్ట ఉతకనక్కరలేదు. పుస్తకం పట్టినవాడు చీపురు పట్టకూడదని మన నమ్మకం. ఆ పిల్లవాడు ఒక్కసారిగా పరదేశంలో నలుగురితో కలిసి ఒక గదిలో దిగుతాడు. వంతుల ప్రకారం వంట చేయాలి, పాయిఖానా కడగాలి. విశ్వవిద్యాలయపు భోజనశాలలో ఎవరో తిన్న పళ్ళెములు కడిగి, గ్రంథాలయంలో పుస్తకాలు సర్ది, నాలుగు డబ్బులు సంపాదించాలి. మొదటి నెలలో దుఃఖం ముంచుకొని వస్తుంది. క్రమంగా తన పక్కన అదే పళ్ళెము కడుగుతున్నవాడు ఆ దేశపు సంపన్నుని బిడ్డ అని తెలుస్తుంది. పని చేసినంత మాత్రాన మనిషి తగ్గిపోడని అప్పుడు బోధపడుతుంది.

ఈ పాఠానికి సముద్రాలు దాటనక్కరలేదు. ఉదయగిరిలోనే తరతరాలుగా అడవి చెక్కను తొలిచి గరిటెలు, చెంచాలు చేసే కుటుంబాలు ఉన్నాయి. ఒక మొద్దు కట్టె వారి చేతిలో సన్నని చెంచాగా మారడానికి ఎంత ఓర్పు, ఎంత చూపు కావాలో చూచినవారికి తెలుస్తుంది. ఆ పనితనాన్ని మెచ్చి చెంచాలు కొనుక్కొంటాము. మన బిడ్డ చేతికి ఒక ఉలి ఇవ్వడానికి మాత్రం మనసొప్పదు. విదేశానికి పంపదలచిన బిడ్డకు ఇంగ్లీషు నేర్పించినట్లే, ఒక ఏడాది ముందునుంచి అన్నం వండుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, చిల్లర లెక్క రాసుకోవడం నేర్పించాలి. ఆడపిల్లకు ఇవి వచ్చునని, మగపిల్లవానికి అక్కరలేదని తలచడం ఇక చెల్లదు.

రెండవ పాఠం లెక్క. ఒక కుటుంబం 20 లక్షల రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందనుకొందాం. నెలకు వడ్డీ 40,000. ఏడాదికి 4,80,000. రెండేళ్ళ చదువు ముగిసేసరికి వడ్డీయే 9,60,000 అవుతుంది. ఇక రెండవ వైపు చూడండి. అమెరికాలో విద్యార్థి వీసామీద ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. అదికూడ మొదటి సంవత్సరంలో విశ్వవిద్యాలయపు ఆవరణలోనే చేయాలి. ఆ దేశపు కేంద్రప్రభుత్వం 2009లో అమలులోకి తెచ్చిన కనీస వేతనం గంటకు ఏడు డాలర్ల పాతిక సెంట్లు. కొన్ని రాష్ట్రాలలో అంతకన్న ఎక్కువ ఉన్నది. కనీస వేతనం ప్రకారం 20 గంటలకు వచ్చేది 145 డాలర్లు. దానితో బియ్యం, కూరలు, గది అద్దెలో కొంత భాగం గడుస్తాయి. విశ్వవిద్యాలయపు జీతం కట్టడానికిగాని, ఊరిలో అప్పు తీర్చడానికిగాని అది చాలదు. "వెళ్ళిన తరువాత వాడే సంపాదించి కట్టుకొంటాడు" అనే మాట ఈ లెక్కముందు నిలవదు. బయలుదేరక ముందే తండ్రీ బిడ్డలు ఒక కాగితంమీద ఈ లెక్క వేసుకొంటే, పొలం తాకట్టు పెట్టడమా, మానడమా అనేది తెలిసి నిర్ణయించుకోవచ్చు.

ఈ లెక్క కుదరనప్పుడే మూడవ పాఠం ఎదురవుతుంది. డబ్బు చాలక, వడ్డీ ఆగక, కొందరు పిల్లలు అనుమతి లేని పనులకు దిగుతారు. పేరు ఎక్కడా వ్రాయక, చేతికి నగదు ఇచ్చే పని అది. యజమాని కూలి ఎగవేస్తే ఎవరితోనూ చెప్పుకోలేరు. దెబ్బ తగిలితే చూచే దిక్కు ఉండదు. పట్టుబడితే చదువూ పోతుంది, వీసా పోతుంది. మరికొందరు తరగతులకు వెళ్ళనక్కరలేని విద్యాలయాలను వెతుకుతారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ అనే విద్యాసంస్థను అక్కడి ప్రభుత్వం మూసివేయించినప్పుడు, అందులో పేరున్న విద్యార్థులలో అత్యధికులు భారతీయులని, వారిలో తెలుగువారు అనేకులని బయటపడింది. కొందరి కాళ్ళకు వారి కదలికలను తెలిపే యంత్రాలు తగిలించారు. 2019 జనవరిలో మిచిగను రాష్ట్రంలో ఫార్మింగ్టను అనే విశ్వవిద్యాలయం ప్రభుత్వమే పన్నిన వల అని తేలింది. ఆనాడు నిర్బంధించిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులే. ఆ పిల్లలలో మోసపోయినవారు ఉన్నారు, తెలిసి దిగినవారూ ఉన్నారు. దళారీ మాటను నమ్మక, చేరబోయే విద్యాలయానికి గుర్తింపు ఉన్నదా, తరగతులు నిజంగా జరుగుతున్నవా అని ముందే విచారించుకోవడం ఒక్కటే దీనికి రక్ష. పరదేశంలో చట్టమే విద్యార్థికి గొడుగు. దానిని తానే మడిచివేసుకొంటే వానలో నిలబడవలసి వస్తుంది.

నాలుగవ పాఠం నేర్వవలసినవారు విద్యార్థులు మాత్రమే కారు, ఇంటివద్ద ఉన్న మనము కూడ. ఆదివారంనాడు ఫోను మోగుతుంది. "తిన్నావా అబ్బయా?" అంటుంది తల్లి. "తిన్నానమ్మా" అంటాడు. "డబ్బు చాలుతున్నదా?" అంటాడు తండ్రి. "చాలుతున్నది నాయనా. వడ్డీ కట్టారా?" అని వాడు అడుగుతాడు. "అదంతా మేము చూచుకొంటాములే" అని తండ్రి చెపుతాడు. వాడు రెండు పూటలు రొట్టెముక్కతో గడిపి ఉండవచ్చు. ఇక్కడ వడ్డీ మూడు నెలలుగా నిలిచి ఉండవచ్చు. ఒకరి మనసు నొప్పించకూడదని మరొకరు నిజం దాచుకొంటారు. ప్రేమతో ఆడిన ఈ అబద్ధాలు పెరిగి పెరిగి, ఒకనాడు పిల్లవాడు పరీక్ష తప్పితే చెప్పలేని స్థితికి, జబ్బు పడితే పలుకలేని స్థితికి తెస్తాయి. దూరాన ఉన్న బిడ్డకు డబ్బు కన్న ముందు కావలసినది, "ఏది జరిగినా ఇంటికి చెప్పవచ్చు" అనే ధైర్యం.

ఆ ధైర్యం కలిగించవలసినవారు పెద్దలే. పొరుగింటివాని జీతంతో పోల్చడం మానాలి. "చదువు కుదరకపోతే వచ్చెయ్యి, ఇల్లు ఇక్కడే ఉన్నది" అనే మాటను ప్రయాణానికి ముందే, ఆర్భాటం లేకుండా చెప్పాలి. ఆ మాట విన్న పిల్లవాడు సాధారణంగా తిరిగి రాడు. నిలబడి చదువుతాడు. రాక తప్పకపోయినా తల వంచుకొని రాడు. తిరిగి వచ్చినవారిని "అక్కడ చెల్లలేదు కాబోలు" అని ఎత్తిపొడవడం కూడ మన ఊళ్ళలో ఉన్నది. ఆత్మకూరునుంచి 2014లోను, 2019లోను శాసనసభకు ఎన్నికై, రాష్ట్ర మంత్రిగా ఉండగా 2022లో మరణించిన మేకపాటి గౌతంరెడ్డి ఇంగ్లండులోని మాంచెస్టరులో ఉన్నతవిద్య ముగించి తిరిగివచ్చినవారే. ఆ ఏడే సంగంవద్ద పెన్నమీద కట్టిన బ్యారేజికి ఆయన పేరు పెట్టారు. చదువు ఎక్కడ నేర్చినా, దానిని ఉపయోగించే చోటు మనిషి తానే ఎన్నుకోవచ్చు.

పట్టా కాగితం పెట్టెలో ఉంటుంది. ఉద్యోగం ఈనాడు ఉండవచ్చు, రేపు పోవచ్చు. తన కంచం తాను కడుక్కొనడం, తన ఖర్చు తాను రాసుకొనడం, నియమాన్ని మీరకుండా ఉండడం, కష్టాన్ని దాచక తనవారితో చెప్పుకొనడం - ఈ నాలుగూ ఒకసారి అలవడితే పోవు. ఈ ఏడు ప్రయాణానికి సిద్ధమవుతున్న బిడ్డ మీ ఇంటిలో ఉన్నట్లయితే, పచ్చళ్ళు, పొడులు మూటకట్టే ముందు ఒక సాయంకాలం వారిని పక్కన కూర్చుండబెట్టుకొని, అప్పు ఎంతో, వడ్డీ ఎంతో, మీ శక్తి ఎంతో దాపరికం లేకుండా చెప్పండి. వారి భయాలను కూడ చెప్పనివ్వండి.