జోగిని స్త్రీలు – కంపెనీల బాధ్యత, మన బాధ్యత



ఈ శతాబ్ది సంవత్సరములో మన పెద్దలు కట్టిన బడులను, ఆసుపత్రులను తలంచుకొని సంతోషించుచున్నాము. అది తగినదే. అయితే మన లెక్కలోనికి అరుదుగా వచ్చు ఒక స్త్రీని గూర్చి ఈ పూట మాట్లాడగోరుచున్నాను. ఆమె జోగిని.

తెలంగాణలో, ముఖ్యముగా నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతముల పల్లెలలో, మాల మాదిగ ఇండ్ల ఆడపిల్లలను ఎల్లమ్మ, పోచమ్మల పేర చిన్ననాటనే విడిచెడివారు. తాళి దేవత పేర కట్టిరి. బ్రతుకు మాత్రము ఊరి పెద్దల పాలయ్యెను. ఆమెకు భర్త లేడు, బిడ్డకు తండ్రి పేరు లేదు. దీనికి ఆచారమని పేరు. నిజముగా పుణ్యమే అయిన యెడల, దొరల ఇంటి ఆడపిల్లను ఏల విడువలేదు?

జాషువా కవిగారి కుమార్తె హేమలతా లవణం గారు నిజామాబాదు జిల్లాలో ఈ స్త్రీల మధ్య ఏండ్ల తరబడి పనిచేసిరి. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ దురాచారమును నిషేధించు చట్టము వచ్చెను. జోగిని చేసికొన్న వివాహము చెల్లుననియు ఆ చట్టము చెప్పినది. అయితే చట్టము తప్పును శిక్షించగలదు గాని, కడుపు నింపలేదు.

ఇక్కడనే కంపెనీల పని మొదలగుచున్నది. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము, నిర్ణీత స్థాయికి ఎదిగిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు నికర లాభములో కనీసము 2 శాతము సమాజము కొరకు ఖర్చు పెట్టవలెను. స్త్రీల సాధికారత, స్త్రీలకును అనాథలకును వసతిగృహములు ఆ చట్టపు 7వ షెడ్యూలులోనే ఉన్నవి. గనుక ఇది దానము కాదు, బాధ్యత.

ఒక దినము కుట్టు మిషనులు పంచి ఫోటో తీయించుకొనుటతో ఈ బాధ్యత తీరదు. ఆడపిల్ల చదువు ముగియువరకు హాస్టలు, తల్లికి ఏడాది పొడుగునా పని, వృద్ధురాలికి వైద్యము కావలెను. మతమేదని అడుగక, మధ్యలో విడువక చేయవలెను.

మీలో ఫ్యాక్టరీలలో, ఆఫీసులలో పనిచేయువారున్నారు. మీ యాజమాన్యము ముందు ఈ మాట ఎత్తుడి. మన బడులలో ఆమె బిడ్డను తండ్రి పేరు కొరకు నిలదీయక, తల్లి పేరుతో చేర్చుకొనుడి. కడపట, కంపెనీ సొమ్ముతో జరుగని పని ఒకటున్నది: ఆమె కుమార్తెను మన ఇంటి కోడలిగా తెచ్చుకొనుట. దానికి మనము సిద్ధముగా ఉన్నామా? ఇంటికి పోయి ఆలోచించుడి.