ఒకే చేతి పని, నాలుగు అంగళ్లు

(సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం సోషల్ మీడియాలో మన వస్తువుల అమ్మకం. మేము వ్యాపారులం కాము, గిరిజన బాలికల వసతిగృహంలో పనిచేసేవాళ్లం. అయినా మా పిల్లల తల్లులు కుట్టిన సంచులు, పట్టించిన పసుపు ఎవరికి చేరుతున్నాయో దగ్గరుండి చూస్తున్నాం. సెలవులకు పిల్లలను తీసుకుపోవడానికి వచ్చిన తల్లులు మా ముందు ఫోన్ పెట్టి, "మేడం, లైకులైతే అస్తున్నయి గని ఆర్డర్లు అస్తలేవు" అంటారు. ఆ ఒక్క మాటకే ఈ రోజు జవాబు వెతుకుదాం.

మన పెద్దలకు అమ్మకం కొత్త విద్య కాదు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని లదేణి నడిపినవాళ్లు వాళ్లు. ఏ సీమలో ఏది కరువో, ఎక్కడ ఏది పండిందో వాళ్లకు తెలుసు. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ బిడారులు ఆగిపోయాయి గానీ, ఎవరికి ఏది కావాలో చూసి తీసుకుపోవాలన్న తెలివి ఇప్పటికీ పనికొస్తుంది. నిజామాబాద్ మార్కెట్ యార్డులో చూడండి. పసుపులో కాడి ఒక కుప్ప, గోళ ఒక కుప్ప. రెండూ కలిపి పోస్తే మంచి సరుకుకు కూడా మంచి ధర రాదు.

మన ఫోన్లలో మాత్రం కలిపే పోస్తున్నాం. ఒకే ఖాతాలో పొద్దున ఫేటియా, మధ్యాహ్నం పసుపు పొడి, సాయంత్రం తీజ్ పాట, రాత్రి ఎవరిదో పుట్టినరోజు ఫొటో. పసుపు కోసం వచ్చినామె ఫేటియా చూసి వెళ్లిపోతుంది. ఫేటియా కోసం వచ్చిన పెళ్లివారికి పసుపు కనబడుతుంది. లైకు కొట్టడానికి ఖర్చు లేదు కాబట్టి కొడతారు. కొనరు.

అందుకే ఒక్కో రకం కొనుగోలుదారుకు ఒక్కో ప్రొఫైల్ ఉండాలంటున్నాం.

మొదటిది దుస్తులకు. ఫేటియా, కాంచళి కొనేవాళ్లు మనవాళ్లే. పెళ్లిళ్లకు, తీజ్‌కు, పిల్లల నృత్యాలకు కావాలి. బోధన్ దాటితే మహారాష్ట్ర. నాందేడ్‌లో, యవత్మాళ్‌లో, ఇటు కర్ణాటకలో కలబురగిలో మన భాష మాట్లాడే వాళ్లున్నారు. మన బోలీకి సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగులో, అక్కడ దేవనాగరిలో, కన్నడంలో రాసుకుంటున్నాం. కాబట్టి ఈ ఖాతాలో రాత తగ్గించి మాట పెంచాలి. అర నిమిషం వీడియోలో మన బోలీలో చెబితే మూడు రాష్ట్రాలకు అర్థమవుతుంది.

రెండోది సంచులు, దిండు గలీబులు, గోడకు వేలాడదీసే గుడ్డలకు. వీటిని హైదరాబాద్, బెంగళూరు వాళ్లు అడుగుతారు. కొలత ఎంత, ఎట్లా ఉతకాలి, అద్దాలు ఊడిపోవా అన్నవి వాళ్ల ప్రశ్నలు. ధర సంగతి ఇక్కడే తేలుతుంది. ఒక సంచికి 20 గంటల కుట్టుపని అనుకుందాం. గంటకు 50 రూపాయలు వేసినా కూలే 1000 రూపాయలు. 300కు మిషన్ కుట్టు సంచి కొనేవాళ్ల గుంపులో దీన్ని పెడితే "ఇంతనా?" అంటారు. చేతిపని విలువ తెలిసిన వంద మందికి చూపితే పది మంది అయినా ఆగి అడుగుతారు. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు జీఐ గుర్తింపు ఉంది. 2023 జూలైలో హంపిలో జీ20 సమావేశాల సమయంలో అక్కడి మహిళలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. సూదీ దారమూ మనవీ అవే, చేరవలసిన చోటే తెలియాలి.

మూడోది పసుపుకు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో మన నిజామాబాద్‌లోనే మొదలైంది కాబట్టి ఊరి పేరుకే ఒక విలువ వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న మన జిల్లావాళ్ల ఇళ్లకు, నగరాల్లోని కుటుంబాలకు వాట్సాప్ బిజినెస్ క్యాటలాగ్ చాలు. తినే వస్తువు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్, ప్యాకింగ్ తేదీ తప్పకుండా ఉండాలి.

నాలుగోది అమ్మకానికి కాదు. మన పాట, తీజ్ మొలకలు, కుట్ల పేర్లు, ముసలమ్మల మాటలు అందులో ఉంచాలి. అక్కడ ధర రాయొద్దు. పండుగను సరుకు పక్కన పెడితే రెండింటికీ మర్యాద పోతుంది.

ఇన్ని ఖాతాలు తప్పు కదా అని కొందరు అడుగుతున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకే యాప్‌లో అయిదు ఖాతాల వరకు మార్చుకుంటూ నడపవచ్చు. ఫేస్‌బుక్‌లో 2023 నుంచి ఒక ఖాతా కింద మరో నాలుగు ప్రొఫైళ్లు పెట్టుకోవచ్చు. వాట్సాప్ కూడా అదే ఏడాది ఒక ఫోన్‌లో రెండు నంబర్ల సౌకర్యం తెచ్చింది. తప్పేదంటే, ఒక ఖాతాతో సరుకు పెట్టి మరో పేరుతో మనమే "చాలా బాగుంది" అని రాసుకోవడం. నాలుగు ఖాతాలైనా వెనుక ఉన్న సంఘం పేరు ఒకటే కనబడాలి.

ఇంకో జాగ్రత్త మన ప్రాంతమే నేర్పింది. 1937లో మొదలైన నిజాం షుగర్స్‌ను నమ్ముకొని బోధన్ చుట్టూ ఎన్ని ఊళ్లు చెరకు వేశాయో మీకు తెలుసు. 2015 డిసెంబరులో గేటు మూతపడితే రైతు, కార్మికుడు, బండి నడిపేవాడు అందరూ రోడ్డున పడ్డారు. ఫోన్‌లోనూ అంతే. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించగానే వేల మంది అనుచరులున్న మన పిల్లలకు తెల్లారేసరికి ఎవరూ మిగల్లేదు. ఖాతా కంపెనీ చేతిలో ఉంటుంది. కొన్నవారి పేరు, ఫోన్ నంబరు, ఏం కొన్నారన్నది ఒక నోటుబుక్కులో రాసుకుంటే అది మన చేతిలో ఉంటుంది. ఖాతా పోయినా మర్నాడు ఫోన్ చేయవచ్చు.

ఇక వార్డెన్లుగా మా అసలు మాట. అమ్మకం కోసం హాస్టల్ పిల్లల ఫొటోలు పెట్టకండి. అద్దాల కాంచళి వేసుకున్న పద్నాలుగేళ్ల పిల్ల ఫొటోకు లైకులు ఎక్కువే వస్తాయి. వాటి వెంట తెలియని మగవాళ్ల మెసేజ్‌లు కూడా వస్తాయి. ఆ ఫొటో ఎక్కడెక్కడికి పోతుందో మన చేతిలో ఉండదు. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. అనుమతి ఉన్నా వద్దనే మేమంటాం. సూది పట్టిన చేతులు చూపండి. ఇష్టముంటే కుట్టిన తల్లి ముఖం చూపండి, ఆమె పేరు రాయండి. ఆర్డర్లకు వేరే సిమ్ పెట్టండి, ఆడపిల్లల నంబరు ఇవ్వకండి.

నాలుగూ ఒకేసారి మొదలుపెట్టాల్సిన పని లేదు. ముందు రెండు నడపండి. 18 నిండి డిగ్రీ చదువుతున్న మన అమ్మాయికి బాధ్యత అప్పగించి, ఆమెకూ కూలి కట్టి ఇవ్వండి. ఊరికే చేయించుకుంటే మూడు నెలలకే ఆగిపోతుంది. డబ్బు మాత్రం కుట్టిన తల్లి బ్యాంకు ఖాతాలోనే పడాలి.

ఈ సభ అయ్యాక ప్రతి తండా వాళ్లు ఒక కాగితం మీద రెండు మాటలు రాసి ఇవ్వండి: మా దగ్గర ఉన్నది ఏమిటి, అది కావలసింది ఎవరికి. ఆ రెండూ తేలితే ప్రొఫైల్ తెరవడం పావుగంట పని. దానికి మేము మీ పక్కన కూర్చుంటాం.

జై సేవాలాల్.