రెండు ఓట్ల పార్వతీపురం
(స్మారకోపన్యాసం)



పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గం ఇప్పుడు లేదు. 2008 పునర్విభజనలో పోయింది. దాని చోట వచ్చిన అరకు స్థానంలో పార్వతీపురం ఒక అసెంబ్లీ సెగ్మెంటు, అదీ ఎస్సీలకు కేటాయించినది. ఇక్కడ గెలిచినవాళ్ల జాబితా చదివి మిమ్మల్ని విసిగించను. ఓడిపోయిన ఒకాయన సంగతి చెబితే సగం చరిత్ర తెలిసిపోతుంది. ఆయన వరాహగిరి వెంకటగిరి.

1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. ఒక సీటు జనరల్, ఒకటి ఎస్టీ. అప్పటి 403 లోక్‌సభ నియోజకవర్గాల్లో 91 ద్విసభ్య స్థానాలే. అభ్యర్థికో పెట్టె, ఓటరుకు రెండు ఓట్లు. రెండూ ఒకరికే వేయకూడదు. పోటీలో నలుగురున్నారు, వారిలో ఇద్దరు గిరిజన అభ్యర్థులు. లెక్క తేలేసరికి ముందున్నది ఆ ఇద్దరే. రిజర్వుడు సీటు ముందు నింపాలి కాబట్టి, అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చిన బిద్దిక సత్యనారాయణకు అది దక్కింది. రెండో స్థానంలో ఉన్న డిప్పల సూరిదొరకు జనరల్ సీటే వచ్చింది. నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల అవార్డు విషయంలో 1954లో రాజీనామా చేసిన గిరి 565 ఓట్ల తేడాతో బయట ఉండిపోయారు.

వ్యవహారం కోర్టుకెక్కింది. ఎస్టీ సీటు కోసం నామినేషన్ వేసినవాడు జనరల్ సీటు ఎలా తీసుకుంటాడన్నది ఒక వాదన. అసలు సూరిదొర గిరిజనుడే కాడు, క్షత్రియుల ఆచారాలు పట్టి క్షత్రియుడైపోయాడన్నది ఇంకొకటి. గిరిజనుడివైతే ఈ సీటు నీది కాదు, ఇది కావాలంటావా, నువ్వు గిరిజనుడివే కాదు! లాయర్లకిది మామూలే కావచ్చు గానీ, కొండ మీది మనిషికి ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. ట్రిబ్యునల్ గిరి వైపు మొగ్గింది. హైకోర్టు ఒప్పుకోలేదు. 1959లో సుప్రీంకోర్టు కూడా, ఒక న్యాయమూర్తి విభేదించినా, సూరిదొర ఎన్నికనే నిలబెట్టింది.

రెండేళ్లకు, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. గిరి ఓడినందుకే ఇదంతా అనేవాళ్లున్నారు. అంత సూటిగా అనడానికి నేను సిద్ధంగా లేను. మామూలువాటికి రెండింతలుండే ఆ నియోజకవర్గాల్లో, అందులోనూ ఏజెన్సీ కొండల్లో, ప్రచారం చేయడమంటే మాటలు కాదు. అది నిజమైన ఇబ్బందే. అయితే జనరల్ సీటు మనదేలే అనుకునే పెద్దలకు పార్వతీపురం బాగానే గుబులు పుట్టించి ఉంటుందని నా అనుమానం.

1962 నుంచి ఇది ఏకసభ్య ఎస్టీ స్థానం. సీటుకు భద్రత వచ్చింది. దాంతోపాటు, ఎవరికీ కేటాయించని సీటును అందరి ఓట్లతో గెలుచుకున్న గిరిజనుడనే మాట ఇక్కడి లోక్‌సభ ఎన్నికల్లో వినపడకుండా పోయింది. ఈ రెండో సంగతి మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కదు.

1967లో ఇక్కడ స్వతంత్ర పార్టీ గెలిచింది. అదే ఏడు అక్టోబరు 31న లేవిడి దగ్గర, గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్న కోరన్న, మంగన్న అనే ఇద్దరిని కాల్చి చంపారు. శ్రీకాకుళం గిరిజన పోరాటం తుపాకీ పట్టింది ఆ తర్వాతే. భూమి, అప్పు, షావుకారు, వెట్టి: వీటిలో దేనికీ బ్యాలెట్ పెట్టెలో జవాబు దొరకలేదని కొండ జనం అనుకున్నారంటే తప్పు వాళ్లది కాదు. ఎంపీ ఉన్నాడు. ఉన్నా ఏమైంది?

తర్వాతి ఎన్నికల్లో నాకు ముచ్చట గొలిపేది ఒక్కటే. 1980లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 ఇందిరా కాంగ్రెస్ ఊడ్చుకుపోగా, చేతికి చిక్కనిది పార్వతీపురమే. అక్కడ అర్సు కాంగ్రెస్ నుంచి కురుపాం జమీందారీ కుటుంబానికి చెందిన కిశోర్ చంద్రదేవ్ గెలిచారు. పార్వతీపురానికి చివరి ఎంపీ, అరకుకు మొదటి ఎంపీ కూడా ఆయనే.

అరకు స్థానం పాలకొండ నుంచి రంపచోడవరం దాకా సాగింది. ద్విసభ్య నియోజకవర్గం మరీ పెద్దదన్నవాళ్లు దీన్ని చూస్తే ఏమందురో! లోక్‌సభ స్థానం పోయినా, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చాక పార్వతీపురానికి కలెక్టరేటు దక్కింది.

మాస్టారి స్మారకార్థం ఏటా జరిగే ఈ సభకు ఒక మనవి. 1957లో ఓటు హక్కుకు 21 ఏళ్లు నిండాలి. ఆనాడు రెండు ఓట్లు వేసి నేటికీ ఉన్నవాళ్లకు తొంభై దగ్గరపడి ఉంటుంది, లేదా దాటి ఉంటుంది. జాతాపు, సవర పల్లెల్లో అలాంటివాళ్లు ఎక్కడున్నారో కనుక్కుని, ఆ రెండో ఓటు ఎవరికి వేశారో, ఎందుకు వేశారో వాళ్ల మాటల్లోనే రికార్డు చేయించండి. సవర భాష తెలిసిన పిల్లలను వెంటబెట్టుకు వెళ్లండి. వచ్చే ఏటి ఉపన్యాసానికి అయ్యే ఖర్చు దానికి పెట్టినా నాకేమీ అభ్యంతరం లేదు.