రిజిస్టర్ కాడ, కంటి చార్టు కాడ మనోళ్లు ఉండాలె

(కల్వకుర్తిలో ఇంటర్ చేరబోయే పిల్లలతో మాట్లాడిన మాటలు. రానోళ్లు అడిగిండ్రని రాసి పెడుతున్న.)



పదో తరగతి అయిపోంగనే అందరూ అడిగేది ఒకటే, ఎంపీసీనా బైపీసీనా అని. వొకేషనల్ అంటే చదువు రానోళ్లు పోయేదని మొహం చిట్లిస్తరు. ఆ మాట నాకు మింగుడు పడది. ఇంటర్ బోర్డు వొకేషనల్ కోర్సుల్లో ఆఫీస్ అసిస్టెంట్‌షిప్ ఉన్నది, ఆఫ్తాల్మిక్ టెక్నీషియన్ ఉన్నది. రెండేండ్ల చదువు. ఒకటి ఆఫీసు పని, ఇంకోటి కంటి పని. సరిగ్గా ఈ రెండు కాడనే మన జనం ఎక్కువ నష్టపోతున్నరు.

పోడు పట్టా సంగతే తీసుకోండ్రి. 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు గ్రామసభ నుంచి సబ్ డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి పోతది. కింది నిర్ణయం తప్పనిపిస్తే 60 రోజుల్లో పై కమిటీకి చెప్పుకోవచ్చు. మరి ఆ నిర్ణయం ఏ తారీఖున అయింది? మన పెద్దోళ్లు కాగితం ఇచ్చి, దండం పెట్టి, ఉత్త చేతులతో ఇంటికొస్తరు. రసీదు అడగరు. అడగొచ్చని ఎవరు చెప్పిండ్రు గనుక? ఇన్‌వర్డ్ రిజిస్టర్, టపా, ఫైలు, ఉత్తరం రాసుడు, టైపింగ్, కంప్యూటర్... ఆఫీసు పని అంటే ఇదే. ఇది తెల్సినోడు ఒక్కడున్నా పెంటల ఫైలు ఎక్కడ ఆగిందో పట్టుకుంటడు.

ఒక మాట మాత్రం దాచను. ఈ కోర్సు ఒక్కదానితోనే సర్కారు కొలువు రాదు. 2022లో వచ్చిన గ్రూప్-4 నోటిఫికేషన్‌లో జూనియర్ అసిస్టెంట్‌కు డిగ్రీ అడిగిండ్రు. ఇంటర్‌తోని ఆపొద్దు, బీకామో బీఏనో చెయ్యాలె.

ఇగ కంటి సంగతి. నలభై దాటినంక దగ్గరి చూపు తగ్గుతది. సూదిల దారం ఎక్కది, బియ్యంల రాళ్లు కనవడవు. మనోళ్లు ముసలితనం అని ఊకుంటరు. ఒక జత అద్దాలతోని తీరే బాధ అది. మోతిబిందు అయితే ఆపరేషన్‌తో చూపొస్తది, కాని ముందుగాల ఎవరో ఒకరు కన్ను చూసి పంపాలె గదా! కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మొదలైంది, 2023 జనవరిలో రెండోసారి వచ్చింది. మంచిదే. కాని క్యాంపు వచ్చి పోతది. లింగాల మండలంల అడవి లోపలున్న అప్పాపూర్ పెంట తాతకు ఆ తెల్లారి చూపు మసకబారితే ఎవరిని అడగాలె?

చూపు కొలిచేటప్పుడు చార్టును 6 మీటర్ల దూరంల పెడతరు. చదువు రానోళ్లకు వేరే చార్టు ఉంటది. అందుల ఇంగ్లీషు 'ఈ' అక్షరం కాళ్లు ఎటు తిరిగినయో చేత్తో చూపిస్తే చాలు. అది తియ్యకుండ అక్షరాల ముందు నిలబెడితే, చదువు రాదని చెప్పనీకె సిగ్గుపడి మన అవ్వ "కనవడుతలేదు" అంటది. తప్పు నంబరు అద్దాలు రాసిస్తరు. తండా అవ్వను గోర్‌బోలిల అడిగే మనిషి ఉంటే ఆ సిగ్గే ఉండదు. అందుకే అంటున్న, అక్కడ మన పిల్లలే నిలబడాలె. 1987లో హైదరాబాద్‌ల మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఊరి పిల్లలకే ఇంటర్ తర్వాత ఏడాది శిక్షణిచ్చి విజన్ సెంటర్లల్ల కూసోబెట్టింది. అయ్యే పనే ఇది. టెక్నీషియన్ డాక్టర్ కాదు, ఆపరేషన్ చేసేది డాక్టరే. ఆ గీత దాటొద్దు.

చేరేముందు కాలేజీని గట్టిగ అడుగుండ్రి. ఈ ఏడు బోర్డు అనుబంధం ఉన్నదా? రెటినోస్కోప్, ట్రయల్ లెన్సుల పెట్టె చూపిస్తరా? ప్రాక్టికల్ శిక్షణకు ఏ ఆసుపత్రికి తోలుతరు? జవాబు నసిగితే ఇంకో కాలేజీ చూసుకోండ్రి. ఉత్త సర్టిఫికెట్ పట్టుకొని అవ్వ కంటి ముందు నిలబడలేం. పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ సంగతి కూడ అప్పుడే అడుగుండ్రి.

పాసైనంక అప్రెంటిస్ ఉన్నది. 1961 చట్టాన్ని 1986లో సవరించి వొకేషనల్ పిల్లలను అందుల చేర్చిండ్రు. నేర్చుకునే కాలానికి స్టైపెండ్ ఇస్తరు. పై చదువులకు పోవాలంటే బ్రిడ్జి కోర్సు మర్చిపోవద్దు. దాని సంగతి చెప్పకుండనే పిల్లలను రెండేండ్లు కూసోబెడుతున్నరు, నాకు మస్తు కోపం అందుకే.

మన్ననూర్ ఐటీడీఏకు వినతిపత్రం ఇయ్యబోతున్నం. పెంటలకు పోయే ప్రతి కంటి టీంల ఒక ఆదివాసీ టెక్నీషియన్ ఉండాలె, ఈ రెండు కోర్సుల పిల్లలకు హాస్టల్ సీటు కావాలె. రాసేది ఆఫీస్ అసిస్టెంట్‌షిప్ చదువుతున్న మన చెల్లెనే. ఇన్‌వర్డ్ నంబరు, తారీఖు వేసిన కాపీ చేతికొచ్చేదాక ఆడికెళ్లి కదలొద్దని చెప్పినం.