పదిహేడు ఆంగ్‌స్ట్రాంలు

పట్టాలందుకున్న మీకు, ఒకపూట మగ్గం ఆపి వచ్చిన మీ అమ్మానాన్నలకు అభినందనలు. మర్యాదలు అయిపోయాయి. ఇక చీవాట్లు.

ఫిజిక్సు పిల్లలూ, ప్రాక్టికల్లో సోడియం దీపం తరంగదైర్ఘ్యం ఎంతొచ్చింది? 5893 ఆంగ్‌స్ట్రాంలు. అందరికీ అంతే! ముందు జవాబు రాసుకుని, దానికి సరిపడా రీడింగులు తర్వాత వండుతారు. నవ్వకండి, నేనూ అలాగే పాసయ్యాను.

1868 ఆగస్టు 18న మన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల్ని స్పెక్ట్రోస్కోపులో చూశాడు. ఆ రోజు పరిశీలకులకు కనిపించిన గీతల్లో ఒకటి పసుపుపచ్చది. పసుపంటే సోడియమేగా అనుకున్నారు. అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ చూస్తే, అది సోడియం గీతల మీద పడటం లేదు. దాని చోటు 5876. ఆ పదిహేడు ఆంగ్‌స్ట్రాంల సందులో దాక్కున్నదే హీలియం. భూమ్మీద రామ్సే చేతికి అది చిక్కింది 1895లో.

నా బతుకంతా అతినీలలోహిత గీతలతోనే. సూర్యుడి ఉపరితలం ఐదున్నర వేల డిగ్రీలైతే, పైనున్న కరోనా పది లక్షలు దాటుతుంది. అంత వేడి వాయువు కబుర్లు ఎక్కువగా ఆ కిరణాల్లోనే వస్తాయి. మన గాలి వాటిని కిందికి రానివ్వదు కాబట్టి పరికరాన్ని ఆకాశానికి పంపాలి. గీత నీలం వైపు జరిగితే వాయువు మనవైపు వస్తున్నట్టు.

తొలి ఏడాది అలా జరిగిన గీతను చూసి, సెకనుకు పది కిలోమీటర్ల వేగమని గంతులేశాను. పేపరూ రాసేశాను. పంపబోయే ముందు రాత్రి గ్రాఫు మళ్లీ గీస్తే, ఆ వేగం గంటన్నరకోసారి పెరిగి తగ్గుతోంది. ఉపగ్రహం భూమిని చుట్టొచ్చే సమయమూ అంతే! పరికరం వేడెక్కి చల్లారినప్పుడల్లా గీత కదిలింది. పాపం, సూర్యుడికేమీ తెలియదు.

ఆ రాత్రి నాన్న గుర్తొచ్చాడు. పడుగులో ఒక్క పోగు తెగినా మగ్గం ఆపి అతికేవాడు. "దూరం నుంచి కనపడదులే నాన్నా" అన్నానోసారి. "కట్టుకునేది దూరం నుంచా ఏంట్రా?" అన్నాడు.

దూరం నుంచి కనపడదులే, దాదాపు సరిపోయిందిలే అనుకుంటామే, నా బెంగంతా ఆ 'దాదాపు' గురించే. రేపు మీరు మందు మోతాదు కొలుస్తారు, వంతెన బరువు లెక్కేస్తారు, మిరపకాయలు తూకం వేస్తారు. వచ్చిన అంకె రాయండి. సోడియం దీపానికి 5876 వచ్చిందా, కొత్త మూలకం దొరికిందని ఊరేగకండి. తప్పు మీదే అయ్యుంటుంది. అయినా కొట్టేయకుండా, ఎందుకొచ్చిందో వెతకండి.

సరే, అన్నాల వేళయింది. దాదాపు కాదు, గడియారం చూసే చెబుతున్నా.